గట్టు మీది నీలిపువ్వు అడవి అవిసేనా?

డిసెంబరు సగం దాటాక మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దు వెంట, చంద్రపూర్ జిల్లా రాజురా, జివతి తాలూకాల నల్లరేగడి చేలల్లోనూ, యవత్మాల్ వైపు పెన్‌గంగ ఒడ్డు ఊళ్లల్లోనూ, గడ్చిరోలి కింది కొసన సిరొంచ చుట్టుపక్కలా ఒక మొక్క తరచు కంటబడుతుంది. శనగ మధ్యనో, గోధుమ చేను అంచుననో, బండిబాట పక్కనో మోకాలెత్తు సన్నటి కాడ. దాని కొసన లేత నీలం పువ్వు. పొద్దున్నే విచ్చుకుంటుంది, మధ్యాహ్నం సద్దిమూట విప్పే వేళకు రేకులన్నీ నేలరాలి ఉంటాయి. ఎవరూ విత్తలేదు కాబట్టి దానికి "అడవి అవిసె" అని పేరు పడిపోతుంది. ఫోటో తీసి మొక్కల పేర్లు చెప్పే యాప్‌లో వేస్తే, అది కూడా ఏదో ఒక లైనమ్ (అవిసె చేరే మొక్కల గుంపు) జాతి పేరు చెప్పి చేతులు దులుపుకుంటుంది.

ఈ పేరు చాలాసార్లు తప్పు. ఆ మొక్క మనం పండించే అవిసే అయి ఉంటుంది, లేదా అవిసెతో ఏ చుట్టరికమూ లేని కలుపు అయి ఉంటుంది. అసలైన అడవి అవిసెకూ దీనికీ తేడా పట్టుకోవాలంటే పువ్వు రంగును పక్కన పెట్టి కాయనూ, కీలాగ్రాన్నీ (పువ్వు నడుమ పుప్పొడి అంటుకునే కొస), పువ్వు అడుగున ఉండే రక్షక పత్రాల కొలతనూ చూడాలి. అందుకు పది రెట్లు చూపే చిన్న భూతద్దం, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు, ఒక బ్లేడు చాలు.

ముందు పేరు తేల్చుకోవాలి

తెలుగులో అవిసె అన్న మాట రెండు మొక్కలకు ఉంది. తమలపాకు తోటల్లో తీగకు ఊతంగా పెంచే అవిసె చెట్టు ఒకటి. పెద్ద తెల్లని పూలు, పొడవాటి కాయలు, కూర వండుకునే ఆకు. అది చిక్కుడు కుటుంబపు చెట్టు, దాని శాస్త్రీయనామం సెస్బేనియా గ్రాండిఫ్లోరా. రెండోది నూనెగింజ అవిసె. దీన్నే మదనగింజలు, ఉలుసులు అని కూడా అంటారు. ఈ జిల్లాలుండే విదర్భలోని తెలుగువాళ్లు ఈ రెండో దాన్ని జవస్ అనే పిలుస్తారు, దానితో చేసిన పొడి జవస్ చట్నీ. మరాఠీలో అళశీ అన్నా ఇదే.

తూర్పున ఒడిశా సరిహద్దుకు వెళితే చిక్కు మరొకటి. కొరాపుట్ వైపు అలసి అంటే వలిసెలు, అంటే కొండవాలు మీద పసుపుపచ్చగా పూసే వెర్రినువ్వులు. అది చామంతి కుటుంబపు పంట. విదర్భ నుంచి వచ్చిన మనిషి అళశీ అంటే నీలిపూల మొక్క గుర్తొస్తుంది, కొరాపుట్ మనిషికి పసుపుపూల మొక్క గుర్తొస్తుంది. "మా కొండ మీద అడవి అలసి ఉంది" అని ఎవరైనా చెబితే ఏ జిల్లా మాటో అడగకుండా ముందుకు పోకూడదు. గింజ చేతిలో ఉంటే తేల్చడం తేలిక. అవిసె గింజ చదునుగా, మెరుస్తూ, ఒక కొన కాస్త ముక్కులా వంగి ఉంటుంది. ఒక చెంచా నీళ్లలో పది గింజలు వేసి పది, పదిహేను నిమిషాలు ఆగితే ప్రతి గింజ చుట్టూ జిగురు పొర ఏర్పడి వేళ్లకు జారుతుంది. వలిసె గింజ నల్లగా, సన్నగా, కోణాలతో ఉంటుంది. ఎంతసేపు నానబెట్టినా జిగురు రాదు. సబ్జా గింజకూ జిగురు వస్తుంది గాని అది నల్లగా ఉండి, ఉబ్బి ముత్యమంత అవుతుంది కాబట్టి పొరపడే పని లేదు.

అడవి అవిసె అంటే ఏది?

లైనమ్ ప్రజాతిలో సుమారు 200 జాతులున్నాయి. అందులో పంటగా స్థిరపడింది ఒక్కటే, లైనమ్ యూసిటాటిసిమమ్. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు ఇది, "మిక్కిలి ఉపయోగపడేది" అని అర్థం. దీని అడవి పూర్వీకురాలు లైనమ్ బియెన్నె. ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త ఫిలిప్ మిల్లర్ 1768లో దానికి ఆ పేరు పెట్టాడు. పాత పుస్తకాల్లో లైనమ్ అంగుస్టిఫోలియమ్ అన్న పేరుతో కనిపించేదీ ఇదే. రెండింటికీ 30 క్రోమోజోములు. రెండింటినీ సంకరం చేస్తే పుట్టిన మొక్కలు మామూలుగా గింజ కడతాయి. పూర్వీకురాలు ఇదేనని చెప్పడానికి ఇది గట్టి ఆధారం.

బియెన్నె పుట్టిల్లు పశ్చిమ ఐరోపా, మధ్యధరా తీరం, అక్కడి నుంచి ఇరాన్ దాకా. జార్జియాలోని జుజువానా గుహలో సుమారు 30,000 ఏళ్ల నాటి అవిసె నారపోగులు దొరికాయని 2009లో ప్రకటించారు. అప్పటికి సేద్యమే లేదు గనుక అవి అడవి మొక్కల నారలే అయి ఉండాలన్నది ఆ పరిశోధకుల వాదన. సిరియాలోని తెల్ రమద్‌లో దొరికిన సుమారు 9,000 ఏళ్ల కిందటి గింజలు అడవి గింజ కన్నా పెద్దవి. మనిషి ఏరి, విత్తి, మళ్లీ ఏరిన గుర్తు అది.

మన దేశానికి అవిసె పంటగా వచ్చింది. బియెన్నె ఇక్కడ సహజంగా మొలవదు. కాబట్టి ప్రాణహిత ఒడ్డున నీలిపువ్వు మొక్కకు "లైనమ్ బియెన్నె" అని చీటీ రాసేముందు చెయ్యి కాస్త ఆగాలి. ఈ ప్రాంతపు గడ్డి మైదానాల్లో లైనమ్ ప్రజాతికి చెందిన నిజమైన అడవి మొక్క ఒకటుంది గాని దాని పువ్వు పసుపు. దాని సంగతి తరవాత.

అసలు లైనమేనా?

జాతి తేల్చేముందు ప్రజాతి తేల్చాలి. పొద్దున తొమ్మిదిలోపు పువ్వు చూడాలి, ఆ తరవాత చూడటానికి రేకులు మిగలవు. లైనమ్ పువ్వులో లెక్కంతా అయిదు. రక్షక పత్రాలు అయిదు, విడివిడిగా. రేకులు అయిదు, అవీ విడివిడిగా. మొగ్గలో గొడుగు మడిచినట్టు ఒకదాని మీదొకటి చుట్టుకొని ఉంటాయి. కేసరాలు అయిదు, వాటి కాడలు అడుగున కలిసి చిన్న ఉంగరంలా ఉంటాయి. ఆ కాడల మధ్య సందుల్లో పన్ను లాంటి చిన్న మొనలు అయిదు, ఇవి ఎదగని కేసరాలు. నడుమ అండాశయం మీద కీలాలు అయిదు. ఆకులు కాడ లేకుండా, సన్నగా, ఒకటి ఇటు, ఒకటి అటు అమరి ఉంటాయి. ఐరోపాలో తెల్లపూల లైనమ్ కథార్టికమ్‌కు మాత్రం ఎదురెదురు ఆకులుంటాయి, అది ఇక్కడ దొరికేది కాదు.

ఈ లెక్క తప్పిందంటే మొక్క లైనమ్ కాదు. రబీ చేలల్లో అందరికన్నా ఎక్కువ మోసం చేసేది నీలిపూల అనగాలిస్ అనే చిన్న కలుపు. శనగ, గోధుమ, జవస్ చేలల్లోనే మొలుస్తుంది, అదే నెలల్లో పూస్తుంది, నీలం మరింత చిక్కన. దూరం నుంచి కురచ జవస్ మొక్కలా ఉంటుంది. దగ్గరకు వెళ్లి కాడను వేళ్ల మధ్య దొర్లిస్తే పలకలు తగులుతాయి, లైనమ్ కాడ గుండ్రం. ఆకులు ఎదురెదురు జంటలు, అడుగున నల్లటి చుక్కలు. రేకులు అడుగున కలిసి ఉంటాయి కాబట్టి లాగితే అయిదూ ఒక్క ముక్కగా ఊడివస్తాయి. కీలం ఒక్కటే. కాయ పండితే కుంకుమ భరిణె మూతలా నడిమికి గుండ్రంగా తెగి, పైసగం లేచిపోతుంది. మూత ఊడిన కాయ ఒక్కటి కనబడినా చాలు, ఇంకేమీ చూడక్కర్లేదు.

విష్ణుక్రాంతను కూడా కొందరు అడవి అవిసె అంటారు. అది నేల మీద పాకే మొక్క. కాడకూ ఆకుకూ పట్టులాంటి నూగు ఉంటుంది, పువ్వు పళ్లెంలా అంతా ఒకటే. అవిసె మొక్క నున్నగా ఉంటుంది, చేత్తో నిమిరితే ఏ నూగూ తగలదు. లంకపప్పు పువ్వూ నీలమే, కాని అది సీతాకోకచిలుక ఆకారపు పువ్వు, చిక్కుడు పువ్వు చూసినవాళ్లెవరూ పొరపడరు. పొరపాటు వచ్చేది దూరం నుంచి తీసిన ఫోటోల్లోనే. గడ్చిరోలిలో జవసూ లంకపప్పూ ఒకే మడిలో కలిసి మొలుస్తాయి.

అలా కలిసి మొలవడానికి కారణమూ చెప్పుకోవాలి, అడవి అవిసె అన్న భ్రమకు అది పెద్ద ఆధారం. గడ్చిరోలి, భండారా వైపు వరి కోతకు 10–15 రోజుల ముందే, నిలువు చేలో, తడి ఉండగానే జవస్, లంకపప్పు గింజ చల్లేస్తారు. ఈ పద్ధతిని ఉతేరా అంటారు. దుక్కి లేదు, సాలు లేదు. వరి కోశాక కొయ్యకాళ్ల మధ్య పలచగా, ఎక్కడ పడితే అక్కడ, ఎత్తు తక్కువగా మొక్కలు లేస్తాయి. చూసినవాళ్లకు బీడు మీద తనంతట తాను మొలిచిన అడవి మొక్కలా ఉంటుంది. పక్క మడిలో కూడా అదే తీరులో ఉన్నాయా, మడి గట్లు దాటగానే ఆగిపోయాయా అన్నది గమనిస్తే సగం తేలిపోతుంది. చల్లిన గింజ గట్టు దాటదు, దాటినా నాలుగు మొక్కలే.

కాయ కొలత

పంట అవిసెనూ బియెన్నెనూ విడదీసే లక్షణాలు చాలానే రాసి ఉంటాయి, అన్నిటికీ ఒకే విలువ లేదు. రక్షక పత్రం పొడవు పంటలో 6–9 మి.మీ., బియెన్నెలో 4–6 మి.మీ. కాయ పంటలో 6–9 మి.మీ., బియెన్నెలో 4–6 మి.మీ. రేకు పంటలో 12–20 మి.మీ., బియెన్నెలో 8–12 మి.మీ. ఆకు వెడల్పు పంటలో ఎక్కువగా 1.5–3 మి.మీ., మూడు ఈనెలు. బియెన్నె ఆకు ఇంకా సన్నన. గింజ పంటలో 4–6 మి.మీ., బియెన్నెలో దాదాపు సగం. బియెన్నెకు మొదలు నుంచే అనేక కాడలు లేస్తాయి, పువ్వు మరీ పాలిపోయిన నీలం, మొక్క ఏడాది దాటి కూడా బతకగలదు. పంట అవిసె ఎక్కువగా ఒంటికాడ మొక్క, గింజ పండగానే ఎండిపోతుంది.

వీటిలో కాడల సంఖ్యను అసలు నమ్మకూడదు. సరిహద్దు ఊళ్లల్లో రబీ చేల గట్ల మీద మేకలు తిరుగుతాయి. పంట అవిసె మొక్క కొస మేక కొరికితే మొదలు దగ్గరి కణుపుల నుంచి నాలుగైదు కాడలు లేస్తాయి, చూస్తే అచ్చం బియెన్నె. మొదలు దగ్గర తడిమినప్పుడు పై కాడ తెగిన మోడు చేతికి తగిలితే ఆ లక్షణాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఎత్తూ అంతే. నల్లరేగడి పగుళ్లు తేలిన చోట పంట అవిసె జానెడు ఎత్తులోనే ఒక్క పువ్వు పూసి, ఒక్క కాయ కాసి ముగించేస్తుంది. రేకు పొడవు కూడా చలినీ తడినీ బట్టి మారుతుంది, పైగా రెండు జాతుల కొలతలూ 12 దగ్గర ఆనుకుంటాయి.

కాయ అంత తేలిగ్గా మారదు. కరువు పడితే మొక్క కాయల సంఖ్య తగ్గించుకుంటుంది, ఉన్న కాయ పరిమాణాన్ని అంతగా తగ్గించదు. అందుకే ఒక్క కాయ కొలిచి తీర్పు చెప్పకుండా వేర్వేరు మొక్కల నుంచి కనీసం అయిదు పండిన కాయలు తీసుకొని, అడుగున రక్షక పత్రాలు వదిలేసి కాయ వరకే కొలవాలి. సగటు 6 మి.మీ. దాటితే పంట జాతి. 6కు అటూ ఇటూ ఊగితే గింజ చూడాలి. గింజ కూడా తేల్చకపోతే కాయ తెరుచుకునే తీరు చూడాలి. అన్నిటిలోకి గట్టి సాక్ష్యం అదే.

అవిసె కాయలో అయిదు గదులు, ఒక్కో గదిని మళ్లీ ఒక పలుచని అడ్డుపొర రెండుగా చీలుస్తుంది. మొత్తం పది అరలు, అరకు ఒక గింజ. పచ్చికాయను బ్లేడుతో అడ్డంగా కోస్తే ఇది బండిచక్రం ఆకుల్లా కనిపిస్తుంది. పదీ నిండవు, ఏడెనిమిది గింజలున్నా మామూలే. అడవి మొక్క కాయ పండాక ఈ గోడల వెంట మొదలుదాకా చీలి గింజను తనంతట తాను వెదజల్లుతుంది. అడవిలో బతకడానికి అదే దారి. పంటలో ఆ గుణం ఉంటే రైతు కొడవలి పెట్టేసరికి గింజ నేలపాలు. వేల ఏళ్లుగా కాయ మూసుకొని ఉన్న మొక్కల గింజే ఇంటికి చేరింది, అదే మళ్లీ విత్తనమైంది. ఇప్పటి జవస్ కాయ ఎండినా మూసుకొని ఉంటుంది, లేదా కొసన సన్నటి గీతలా కాస్త విచ్చుతుంది. కర్రతో కొడితే తప్ప గింజ రాదు.

పరీక్ష ఇలా. గోధుమరంగు తిరిగిన కాయలు పది, కాడతో సహా కోసి, కాగితపు కవరులో వేసి మూతి మడిచి, రెండు మూడు రోజులు ఎండలో ఉంచాలి. ప్లాస్టిక్ సంచి పనికిరాదు, లోపలి చెమ్మకు కాయ మెత్తబడి తెరుచుకోదు. కవరు విప్పినప్పుడు కాయలు తెరుచుకొని, గింజలు అడుగున రాలి ఉంటే అది అడవి గుణం. కాయలు మూసుకొనే ఉంటే పంట. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఐరోపాలో ఒకప్పుడు సాగుచేసిన ఒక రకం పంట అవిసెకు పండిన కాయ చిటపటలాడుతూ పగిలే గుణం ఉండేది. జర్మన్ రైతులు దానిని శబ్దం చేసే అవిసె అని అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. కాబట్టి తెరుచుకున్న ప్రతి కాయా బియెన్నె కాదు. తెరుచుకోవడం, చిన్న కాయ, చిన్న గింజ, ఈ మూడూ కలిసి రావాలి. కాయ లోపలి అడ్డుపొర అంచున నూగు ఉందా లేదా అన్నది భూతద్దంతో చూడటం అదనపు సాక్ష్యం. బియెన్నెలో నూగు ఉంటుంది, మామూలు పంట రకాల్లో ఎక్కువగా ఉండదు.

మొగ్గ ఈగ చేసే మోసం కూడా కాయ దగ్గరే. అవిసె చేలల్లో ఈ చిన్న ఈగ మొగ్గలో గుడ్లు పెడుతుంది. లోపల పురుగు తింటుంటే మొగ్గ విచ్చుకోకుండా ఉబ్బి, గుండ్రంగా, దిగువన రక్షక పత్రాలతో చిన్న కాయలా కనబడుతుంది. దాన్ని కొలిచి "4 మి.మీ. కాయ, కాబట్టి అడవి జాతి" అని రాసుకున్న నోట్సు ఉంటాయి. కోసి చూస్తే పది అరలు ఉండవు, సన్నటి పురుగులు ఉంటాయి. బ్లేడు లేకుండా కాయ లెక్క వేయకపోవడం మంచిది.

కీలాగ్రం ఎక్కడ పనికొస్తుంది

తోటల్లో, ఆన్‌లైన్‌లో కొన్న "అడవిపూల" విత్తన పొట్లాల్లో వచ్చే నీలి అవిసె వేరు. అది ఎక్కువగా లైనమ్ పెరెన్నె, ఏళ్లకేళ్లు బతికే జాతి, 18 క్రోమోజోములు, పంటతో కలవదు. ఇక్కడ కాయ కొలత మీద ఆధారపడితే కష్టం, దాని కాయ కూడా పంట కాయకు దగ్గరదగ్గరగా ఉంటుంది. కీలాగ్రం చూడాలి. పంట అవిసెలోనూ బియెన్నెలోనూ కీలాగ్రం పొడవుగా, చిన్న గదలా ఉంటుంది. పెరెన్నెలో గుండుసూది తలలా గుండ్రంగా ఉంటుంది. పొద్దున పూసిన పువ్వు రేకులు తీసేసి, భూతద్దంతో వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే ఈ తేడా అరనిమిషంలో తెలుస్తుంది.

పెరెన్నెకు మరో గుణం ఉంది. కొన్ని మొక్కల్లో కీలాలు పొడవు, కేసరాలు కురచ. మరికొన్నింటిలో దానికి సరిగ్గా తలకిందులు. ఒక రకం పుప్పొడి రెండో రకం మీద పడితేనే గింజ బాగా కడుతుంది. ఎర్రపూల తోట అవిసె లైనమ్ గ్రాండిఫ్లోరమ్‌లోనూ ఇంతే. డార్విన్ 1860లలో ఈ రెండు జాతుల మీదా ప్రయోగాలు చేసి దీన్ని నిరూపించాడు. పంట అవిసెలోనూ బియెన్నెలోనూ అన్ని మొక్కల్లో కీలం, కేసరం ఎత్తులు ఒక్కటే, తమలో తామే పరాగసంపర్కం చేసుకుంటాయి. అందువల్ల ఒక్క మొక్క చూసి చెప్పకూడదు. ఒకే మడిలో కనీసం పది మొక్కల పూలు చూడాలి. రెండు రకాలూ కలిసి కనబడితే మడి పంట అవిసెది కాదని ధైర్యంగా రాసుకోవచ్చు.

ఈ లక్షణాన్ని పట్టించుకోకపోతే ఎంతటివాళ్లయినా పొరపడతారు. అమెరికాలో బీడు భూముల పునరుద్ధరణ కోసం 1980లో "అప్పర్" అనే నీలి అవిసె రకాన్ని విడుదల చేశారు. దక్షిణ డకోటాలో సేకరించారు కాబట్టి అక్కడి స్థానిక జాతి లైనమ్ లూయిసీ అనుకున్నారు. తరవాత తేలింది, అది ఎప్పుడో ఐరోపా ఆసియాల నుంచి వచ్చి అక్కడ తప్పించుకొని పెరిగిన పెరెన్నె. లూయిసీ పూలన్నిటిలో కీలం ఒకే తీరు, అప్పర్‌లో రెండు తీర్లు. దొరికిన చోటును బట్టి జాతి నిర్ణయించడం ఎంత ప్రమాదమో దీనికన్నా మంచి ఉదాహరణ లేదు. గట్టు మీద దొరికింది కాబట్టి అడవిది అనడం కూడా ఆ తర్కమే.

పసుపు పువ్వు సంగతి

ఇక్కడి నిజమైన అడవి లైనమ్‌కు వద్దాం. లైనమ్ మైసూరెన్స్ అనే పసుపుపూల చిన్న మొక్క మధ్యభారతం, దక్కను, పడమటి కనుమల గడ్డి నేలల్లో, వానలు తగ్గే రోజుల్లో పూస్తుంది. ఆ పేరుకు మూలం బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రవేత్త. సామర్లకోటలోని మొక్కల తోటను అంతకుముందు చూసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్లాక దాని బాధ్యత చూసింది ఈయనే. మొక్క జానెడు, జానెడున్నర. కాడ దారంలా సన్నన, పైభాగంలో కొమ్మలు విడిపోతాయి. చిన్న చిన్న పసుపు పూలు, కాయ అవిసె కాయకు బొమ్మలాంటిది, ఆవగింజ కన్నా కాస్త పెద్దది. జవస్ అలవాటైన కంటికి ఇది అవిసె చుట్టమని స్ఫురించదు. అందుకే నీలిపువ్వుకు అడవి అవిసె పేరు దక్కి, అసలు హక్కుదారు పేరు లేకుండా గడ్డిలో కలిసిపోయింది.

దీనితో కలగాపులగమయ్యేవి రెండు. పులిచింత పువ్వు పసుపే, రేకులూ కీలాలూ అయిదే. కాని మూడు రేకల ఆకు, పది కేసరాలు, నమిలితే పులుపు. రెండోది చిన్న హైపెరికమ్ మొక్కలు, ఆకులు ఎదురెదురు, కేసరాలు గుత్తిగా ఎన్నో. తోటల్లో పసుపు అవిసె అని పెంచే హిమాలయపు పొద రైన్‌వార్డ్షియా అదే కుటుంబానిదే గాని ఆకు వెడల్పు, పువ్వు పెద్దది, కీలాలు ఎక్కువగా మూడే. పొదల్లో ఎగబాకుతూ జంటజంటలుగా చుట్ట తిరిగిన కొక్కేలున్న హ్యుగోనియా మిస్టాక్స్ కూడా ఈ కుటుంబానికి దగ్గరిదే. పువ్వు పసుపు, కాయ ఎర్రని పండు. కొక్కెం వేలికి తగిలాక దాన్ని ఎవరూ అవిసె అనరు.

తెల్లపూల మాట ఒకటి మిగిలింది. సాగు రకాల్లో తెల్లపూలవి ఉన్నాయి, రేకులు ముడుచుకొని నక్షత్రంలా కనబడేవీ ఉన్నాయి. నీలి చేలో ఒక తెల్ల మొక్క కనబడితే అది కలగలిసిన విత్తనం. అడవి జాతి చొరబడిందని విత్తనం పారేసుకోనక్కర్లేదు, కాయ కొలిస్తే సరిపోతుంది.

నమూనా తీసేటప్పుడు

నిపుణులకు చూపించాలంటే ఎండిన కొమ్మ ఒక్కటి పంపితే లాభం లేదు. రేకులు పత్రికా కాగితం మడతలోకి చేరేలోపే రాలిపోతాయి. కాబట్టి పొద్దున ఎనిమిది ప్రాంతంలో స్కేలు పక్కన పెట్టి పువ్వు ముందు నుంచీ, పక్క నుంచీ ఫోటో తీయాలి. నీలాన్ని ఫోను కెమెరా ఊదాగా చూపిస్తుంది, అందుకే రంగును మాటల్లో కూడా రాసుకోవాలి. మొక్కను వేరుతో సహా తవ్వాలి. వేరులోనూ సమాచారం ఉంది. దక్కను నల్లరేగడి అవిసెకు లోతుకు దిగే తల్లివేరు, పెద్ద గింజ ఉంటాయి. గంగా మైదానపు ఒండ్రు నేలల రకాలకు వేళ్లు పైపైన పరుచుకుంటాయి, గింజ చిన్నది. సిరొంచలో చిన్న గింజ మొక్క దొరికితే అడవి జాతి అనుకునేముందు ఉత్తరాది నుంచి వచ్చిన విత్తనమేమో ఆలోచించాలి.

మొక్కను పాత పత్రికల మధ్య పరిచి బరువు పెట్టి, మొదటి మూడు రోజులు రోజూ కాగితం మార్చాలి. మార్చకపోతే కాడ నల్లబడి బూజు పడుతుంది. పండిన కాయలు విడిగా కవరులో. చీటీ మీద తేదీ, ఊరు, నేల రకం, ఏ చేను, దగ్గరలో జవస్ చేను ఎంత దూరం, గత ఏడాది ఆ మడిలో ఏం వేశారు, ఇవి తప్పనిసరి. చివరి రెండూ చాలామంది రాయరు, జాతి తేల్చేవాళ్లు మొదట అడిగేది అవే. భారత వృక్ష సర్వేక్షణ సంస్థకు హైదరాబాద్‌లో దక్కన్ ప్రాంతీయ కేంద్రం, పుణెలో పశ్చిమ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. సరిహద్దుకు ఏ వైపు దొరికిందో దాన్ని బట్టి పోల్చి చూసే నమూనాలు అక్కడ ఎక్కువ దొరుకుతాయి. తాడోబా, టిపేశ్వర్, చప్రాల వంటి రక్షిత అడవుల్లో అనుమతి లేకుండా మొక్క పీకకూడదు. అక్కడ ఫోటోతో సరిపెట్టుకోవాలి.

గుర్తు తేలని మొక్క ఆకు నమిలి చూడటం, పశువులకు వేసి చూడటం చేయకూడదు. అవిసె ఆకుల్లోనూ పచ్చికాయల్లోనూ సైనైడ్ విడుదల చేసే పదార్థాలుంటాయి. వాడిపోయిన మొక్కలు ఎక్కువగా మేసిన పశువులకు ప్రమాదం. రుచి చూసి జాతి చెప్పే పద్ధతి పులిచింత దగ్గరే ఆపేయాలి.

మొలిపించి చూడటం ఆలస్యమైన దారి గాని అనుమానం తీరనప్పుడు పనికొస్తుంది. ఆ మొక్క గింజలు ఇరవై, పక్కచేను జవస్ గింజలు ఇరవై, రెండు కుండీల్లో ఒకే మట్టిలో, అక్టోబరు చివర విత్తి, మేకకు అందని చోట పెట్టాలి. గట్టు మీద కురచగా, గుబురుగా ఉన్న మొక్క సంతానం కుండీలో ఒంటికాడతో పక్క కుండీ ఎత్తుకు లేచిందంటే అది జవసే. ఫిబ్రవరిలో కాయలు పండాక రెండు కుండీలవీ రెండు కవరుల్లో ఎండబెట్టి, ఏ కవరు అడుగున గింజ రాలిందో చూసుకోవచ్చు.